కదలకూడని వేలు

ఆ ఉదయం మాకు రెండు ఫోన్లు వచ్చాయి. మా బావమరిది కుడికాలి బొటనవేలు కదిలిందని మొదటిది, అతని భార్య నుంచి. అది కదిలి ఉండకూడదని రెండవది, వాళ్ళ అమ్మాయి నుంచి.

రెండింటికీ మధ్య నేను ఒక కప్పు టీ తాగాను. మొదటి ఫోనుకి మా ఆవిడ ఏడ్చింది, తమ్ముడి వేలు కదిలిందన్న ఆనందంలో. రెండవది నేను ఎత్తాను కనుక ఎవరూ ఏడవలేదు.

"మావయ్యా, అమ్మ చెప్పిందా?"

"చెప్పింది."

"మీరు నమ్మారా?"

"నేనింకా చూడలేదమ్మా."

"అందుకే మీకు చేశాను. ఎవరికీ చెప్పకండి. ముఖ్యంగా అత్తయ్యకి."

అత్తయ్య, అంటే మా ఆవిడ, అప్పటికే నా భుజం పక్కన నిలబడి ఉంది.

మా బావమరిది సైన్‌బోర్డులు రాసేవాడు. యంత్రం ముద్రించిన ప్లాస్టిక్ గుడ్డలు దుకాణాల నెత్తిన వేలాడే కాలంలోనూ కుంచెతో అక్షరాలు రాయించుకునేవాళ్ళు కొందరు మిగిలారు. వాళ్ళకు రాసిపెట్టడానికి అతడొక్కడే మిగిలాడు. ఒకనాడు మందుల దుకాణం బోర్డు రాస్తూ, రాసిన అక్షరం దూరం నుంచి ఎలా కనబడుతుందో చూద్దామని ఒక అడుగు వెనక్కి వేశాడు. చిత్రకారులకు అది మంచి అలవాటే, నేల మీద నిలబడి ఉన్నంతవరకు. అతడు పరంజా మీద ఉన్నాడు. ఛాతీ మధ్య ఎత్తులో వెన్నుపాము నలిగింది. అక్కడి నుంచి కిందికి శరీరం అతని మాట వినడం మానేసింది.

అతని కూతురు నరాలు తిరిగి పెరగడం మీద పరిశోధన చేస్తోంది. తండ్రి పడిపోవడం చూసి పంతం పట్టి ఆ రంగంలోకి వెళ్ళిందని మా బంధువులు చెప్పుకుంటారు, అలా చెప్పుకుంటే బాగుంటుందని. నిజానికి ఆమె అంతకు చాలా ముందే, అడిగిన విభాగంలో సీటు దొరక్క, అందులో చేరింది.

చేతిలో నరం తెగితే రోజుకి ఆవగింజంత దూరం చొప్పున తిరిగి పెరుగుతుంది. వెన్నుపాములో తెగితే పెరగదు. పెరిగే శక్తి బొత్తిగా లేక కాదు, దాని చుట్టూ ఉన్న కొవ్వు పొరలో "ఇక ఆగు" అని చెప్పే పదార్థాలు ఉన్నాయి. ఇతర కారణాలూ ఉన్నాయి గాని, ఇది ఒక పెద్ద కారణం. ఆ పదార్థాల నోరు మూయించే మందు ఒకటి మేనకోడలి ల్యాబులో ఎలుకల మీద కొంత పనిచేసింది. "కొంత" అన్న మాటను ఆమె ప్రతిసారీ నొక్కి చెప్పేది. వినేవాళ్ళు ప్రతిసారీ దాన్ని వదిలేసి తక్కినది గుర్తుపెట్టుకునేవాళ్ళు.

ఇప్పుడు ఆ మందును మనుషులకు ఇచ్చి చూడబోతున్నారు. పెద్దాసుపత్రిలో ఒక బృందం పేషెంట్లను ఎంచుకుంటోంది. ఖాళీలు అయిపోవస్తున్నాయి. మా బావమరిది పేరు ఇచ్చాడు. వచ్చే వారం పరీక్షకు పిలిచారు. మంచం మీద పడుకున్న మనిషికి పైకప్పు తప్ప చూడడానికి ఇంకేదైనా ఉందంటే అది ఆ పరీక్షే. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు.

"దానికి ఒక నియమం ఉంది మావయ్యా," అంది మేనకోడలు ఫోనులో. "నడుము కింద సొంతంగా ఏదీ కదలనివాళ్ళనే తీసుకుంటారు. కాస్త కదిలినా తీసుకోరు."

"ఎందుకని?"

"కాస్త కదిలేవాళ్ళు మందు లేకుండానే ఇంకాస్త బాగుపడొచ్చు. అప్పుడు ఎవరో వండితే ఇంకెవరో వడ్డించి పేరు కొట్టేసినట్టు అవుతుంది. మందు చేసిందో ఒళ్ళు చేసిందో తేలదు."

నియమం నాకు నచ్చింది. అది మా బావమరిదికి వర్తించకపోతే ఇంకా నచ్చేది.

"అయితే వేలు కదిలిందా లేదా అన్నది తేలాలి," అన్నాను.

"తేల్చడానికి ఇంట్లో ఎవరూ పనికిరారు. అమ్మకి కదలాలి. నాన్నకి కదలకూడదు. నాకు రెండూ కావాలి. మీరు రండి."

వెళ్ళేముందు మా ఆవిడ చొక్కా గుండీ పెట్టుకుంటున్న నన్ను ఆపి, "మీరు వెళ్ళి కదిలే వేలిని కాస్తా ఆపకండి," అంది.

మేనకోడలు నన్ను ముందు తన ల్యాబుకి తీసుకెళ్ళింది. చూడడమన్నది కూడా నేర్చుకోవలసిన పని అని ఆమె అభిప్రాయం. నేను ముప్పై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి, అయినా ఒప్పుకున్నాను.

కిటికీలు లేని గది. మధ్యలో పిల్లలు స్నానం చేసే తొట్టి కన్నా పెద్దది, గుండ్రటి ప్లాస్టిక్ తొట్టి. దాని చెరో వైపునా ఒక స్టూలు. వెన్నుపాము దెబ్బతిన్న ఎలుకను తొట్టిలో వదులుతారు. ఇద్దరు చెరో వైపున కూర్చుని దాని వెనక కాళ్ళనే చూస్తారు. చీలమండ కదిలిందా, మోకాలు కదిలిందా, పాదం నేలకు ఆనిందా, బరువు మోసిందా అని ఎవరి కాగితం మీద వాళ్ళు గుర్తులు పెట్టుకుంటారు. ఏ ఎలుకకు మందు పడిందో, దేనికి ఉప్పునీళ్ళు పడ్డాయో ఇద్దరికీ తెలియదు. అది తెలిసిన మనిషి ఇంకో అంతస్తులో ఉంటాడు. ఆయనతో కలిసి భోజనం కూడా చేయకూడదట.

"తెలిస్తే ఏమవుతుంది?" అన్నాను.

"మందు పడ్డ ఎలుక నడుస్తుంది."

"నిజంగానా?"

"మా కాగితాల మీద."

ఒక ఎలుక తొట్టి అంచు వెంబడి చకచకా పోతోంది. నేను బాగానే నడుస్తోందన్నాను. మేనకోడలు తల అడ్డంగా ఊపింది. అది ముందుకాళ్ళతో ఒళ్ళంతా లాక్కుపోతుంటే నడుము ఊగి, వెనక కాళ్ళు వాటంతటవే నడుస్తున్నట్టు కనబడుతున్నాయట. పైగా తెగిన వెన్నుపాము కింది భాగం ఊరికే ఉండదు. ముట్టుకుంటే, చలి వేస్తే, ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా కాళ్ళను అదే కొట్టిస్తుంది. కదలడం వేరు, కదిలించడం వేరు.

తర్వాత ఆమె ఎలుకలను ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని, వేళ్ళతో పొట్ట కింద మెల్లగా నొక్కి మూత్రం పోయించింది. వాటంతట అవి పోసుకోలేవు. ఉదయమూ సాయంత్రమూ ఎవరో ఒకరు ఆ పని చేయాలి, ఆదివారాలతో సహా. నరాలు పెరుగుతాయా అన్న ప్రశ్నకు జవాబు దొరికేలోగా ఆ గదిలో ఎక్కువగా జరిగే పని అదే.

"ఇంట్లో నాన్నకి అమ్మ చేస్తుంది," అంది చేతులు కడుక్కుంటూ. "గొట్టంతో. ఇక్కడ చేసేటప్పుడు నాకు ఏమీ అనిపించదు. అక్కడ అమ్మ చేస్తుంటే వంటింట్లోకి వెళ్ళిపోతాను."

ఆదివారం మధ్యాహ్నం బావమరిది ఇంటి ముందుగదిలో పరీక్ష పెట్టాం. మంచానికి అడ్డంగా, అతని నడుము పైన, బట్టలారేసే తాడు కట్టి దుప్పటి వేలాడదీశాం. అతనికి తన కాళ్ళు కనబడవు. కాళ్ళ దగ్గర కూర్చున్నవాళ్ళకు అతని ముఖం కనబడదు. తల దగ్గర మేనకోడలు పేకముక్కలు పట్టుకుని కూర్చుంది. కాళ్ళ దగ్గర చెరో స్టూలు మీద నేనూ చెల్లెమ్మా. బావమరిది భార్యను నేను చెల్లెమ్మా అంటాను. ఆమె నన్ను అన్నయ్యగారూ అంటుంది.

"నాన్నా, ఎర్ర ముక్క చూపిస్తే వేలు కదిలించడానికి ప్రయత్నించు. నల్ల ముక్క చూపిస్తే ఊరికే పడుకో. నేను 'ఇప్పుడు' అంటాను, తర్వాత 'చాలు' అంటాను. అంతే."

"జోకరొస్తే?"

"జోకర్లు తీసేశాను."

"ఒకటి మిగిలిపోయిందే. కాళ్ళ దగ్గర కూర్చుంది."

"నోరు కాదోయ్ కదిలించమన్నది," అన్నాను దుప్పటి ఇవతలి నుంచి.

పరీక్ష మొదలైంది. "ఇప్పుడు." నేను వేలిని చూశాను. బొటనవేలి గోరు కింద ఆకుపచ్చ రంగు చుక్క ఒకటి ఇంకా పోలేదు. "చాలు." వేలు కదలలేదు. నా కాగితం మీద సున్నా పెట్టాను. పక్కన చెల్లెమ్మ పెన్సిలు ధీమాగా గీసుకుపోతోంది. "ఇప్పుడు." "చాలు." మధ్యమధ్య కాలు ఒకసారి దానంతటది ఝాడించింది, ఒకసారి మడమ జారింది. నా కాగితం నిండా దాదాపు సున్నాలే. ముక్కలన్నీ అయ్యేసరికి నాకు వెన్ను నొప్పి పుట్టింది. ఆ మాట ఆ గదిలో అనదగినది కాదని ఊరుకున్నాను.

మేనకోడలు రెండు కాగితాలూ తీసుకుని తన ముక్కల వరుసతో పోల్చింది. నా గుర్తులకీ ముక్కలకీ సంబంధం లేదు. చెల్లెమ్మ గుర్తులు ఒక్కటి కూడా తప్పలేదు. ఎర్ర ముక్క చూపించిన ప్రతిసారీ కదిలిందని పెట్టింది, నల్ల ముక్కకు ప్రతిసారీ లేదని పెట్టింది.

"చూశారా అన్నయ్యగారూ!" అని లేచి నిలబడింది. "మీరు కళ్ళజోడు మార్పించుకోవాలి."

మేనకోడలి ముఖంలో ఆనందం లేదు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. వాళ్ళ ల్యాబులో ఇద్దరు చూపరులకు ఇంత తేడా వస్తే ఎలుకను కాదు, చూపరులను అనుమానిస్తారు.

నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. "చెల్లెమ్మా, మధ్యలో ఒకటి రెండుసార్లు నీ వైపు చూశాను. నువ్వు కళ్ళు మూసుకుని ఉన్నావు."

"అవునండీ."

"కళ్ళు మూసుకుని వేలెలా చూశావు?"

"తెరిస్తే వేలు కనబడి గందరగోళంగా ఉంది. మూసుకుంటేనే బాగా తెలుస్తోంది."

దుప్పటి అవతల బావమరిది పెద్దగా నవ్వాడు. మేనకోడలు నవ్వలేదు.

"ఏం తెలుస్తోందమ్మా?"

"మీ నాన్న బలం పెట్టేటప్పుడు ఊపిరి బిగబడతారు. గొంతులో చిన్న చప్పుడొస్తుంది. అక్షరానికి తలకట్టు పెట్టేటప్పుడూ అంతే, గీత అయ్యేదాకా ఊపిరి వదలరు. ఇన్నేళ్ళుగా వింటున్నా, ఆ మాత్రం తెలియదా నాకు?"

ఆమె వేలిని చూడలేదు, మొగుణ్ణి విన్నది. అతడు ప్రయత్నిస్తున్నాడని ఆమెకు కచ్చితంగా తెలిసింది. ప్రయత్నిస్తే కదిలే ఉంటుందని గుర్తు పెట్టింది. ఏ ల్యాబులోనూ ఇద్దరు చూపరులలో ఒకరు ఎలుక భార్య అయి ఉండరు కనుక, ఆ చిక్కు గురించి మేనకోడలికి ఎవరూ చెప్పి ఉండరు.

"అయితే కదల్లేదన్నమాట," అన్నాడు బావమరిది. గొంతులో దిగులు నటించాడు గాని అది సరిగా కుదరలేదు.

చెల్లెమ్మ కూర్చుండిపోయింది. "నేను ఆ పొద్దున చూసింది కళ్ళతోనే," అంది చిన్నగా. "దుప్పటి మారుస్తున్నప్పుడు. అప్పుడు కళ్ళు మూసుకోలేదు."

నేను నా కాగితం మళ్ళీ తీసుకున్నాను. సున్నాల మధ్య కదిలిందని నేను పెట్టిన గుర్తులు కొన్ని ఉన్నాయి. వాటిలో చాలావరకు నల్ల ముక్కల దగ్గర పడ్డాయి. ఆ నల్ల ముక్కలకు ముందు ఏముందని మేనకోడలిని అడిగాను. ఆమె వరుస చూసింది. ఎర్రవి ఉన్నాయి.

"ఆలస్యంగా వస్తోందేమో," అన్నాను. "నువ్వు చాలు అన్నాక."

ఆమె ముక్కల వరుస మీద మళ్ళీ వేలు పెట్టి చూసింది. నలిగిన వెన్నుపాములో మిగిలిన పోగులు ఏవైనా ఉంటే వాటిలో కబురు సవ్యంగా నడవదనీ, కండరం కూడా ఇన్నాళ్ళూ పని లేక బద్ధకించి ఉంటుందనీ చెప్పింది. అసాధ్యం కాదు. నాకు మాత్రం అందులో ఆశ్చర్యం ఏమీ కనబడలేదు. మా బావమరిది ఏ బోర్డూ చెప్పిన రోజుకి ఇవ్వలేదు.

రెండోసారి పెట్టాం. ఈసారి రేడియో పెద్దగా పెట్టి చెల్లెమ్మ పక్కనే ఉంచాం, ఊపిరి వినబడకుండా. కళ్ళు తెరిచే ఉంచాలని ఆమెను ఒప్పించాం. ఒక్కో ముక్కకూ ఎక్కువసేపు ఆగాం. రేడియోలో ఎవరో పంటలకు తెగులు మందులు ఎప్పుడు చల్లాలో చెబుతున్నారు. "ఇప్పుడు." చాలాసేపు ఏమీ లేదు. తర్వాత గోరు కింది ఆకుపచ్చ చుక్క మెల్లగా, ఎవరో అడగగా అడగగా విసుక్కుని లేచినట్టు, పైకి లేచింది. మళ్ళీ పడింది.

నేను చెల్లెమ్మ వైపు చూడలేదు. చూడకూడదు. ఆమె పెన్సిలు మాత్రం వెంటనే గీయలేదు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు రేడియోను దాటి వచ్చింది.

ఈసారి మా ఇద్దరి కాగితాలూ ముక్కలతోనూ, ఒకదానితో ఒకటీ దాదాపు కలిశాయి. ఒకటి రెండు చోట్ల నేను చూసింది ఆమె చూడలేదు. ఆమె చూసి నేను చూడనిదేమీ లేదు. ఆ వేలు అతడు కదిలిస్తే కదులుతోంది.

మేనకోడలు పేకముక్కలు అట్టపెట్టెలో సర్దింది. "నాన్నా," అంది, "కదులుతోంది."

"మళ్ళీ పంచు," అన్నాడు.

"ఇది పేకాట కాదు నాన్నా."

చెల్లెమ్మ దుప్పటి లాగేసి అతని రెండు బుగ్గలూ పట్టుకుంది. అతడు ఆమె భుజం మీదుగా నన్ను చూశాడు. అప్పు తీసుకుని కనబడకుండా పోయినవాడు నడివీధిలో ఎదురుపడితే చూసే చూపు.

తల్లీకూతుళ్ళు వంటింట్లోకి వెళ్ళాక నన్ను మంచం మీద కూర్చోమన్నాడు.

"బావా, డాక్టరు ముందు నేను ప్రయత్నించకపోతే ఏమవుతుంది?"

"కదలదు."

"నేను నోరు విప్పి ఒక్క మాట కూడా అననుగా. అబద్ధం ఎలా అవుతుంది?"

"ఆవిడ ప్రయత్నించమని అడుగుతుంది. నువ్వు ప్రయత్నిస్తున్నట్టు పడుకుంటావు. అబద్ధానికి నోరు అక్కర్లేదోయ్."

"సరే, అబద్ధమే అనుకో. ఎవరికి నష్టం?"

"రేపు ఆ మందు తీసుకుని నీ కాలు లేచిందనుకో. మందు లేపిందో, నీ అంతట నువ్వు లేపావో ఎవరికీ తెలియదు."

"నాకెందుకు ఎవరు లేపారో? లేస్తే చాలు."

"నీ తర్వాత పడేవాడికి కావాలి."

"వాడింకా పడలేదుగా. చూసుకుని ఎక్కమను."

దీనికి నా దగ్గర జవాబు ఉంది. కాని అది నడుస్తూ తిరిగే మనిషి చెప్పగలిగే జవాబు. అతడు పైకప్పు వైపు చూస్తూ కొనసాగించాడు. "వేలు కదిలితే ఏం చేసుకోను బావా? వేలితో పరంజా ఎక్కుతానా? అమ్మాయి ఫోనులో చూపించింది, ఆ మందు వేస్తే నరం ఎలా సాగుతుందో. పచ్చగా, సన్నగా. చెయ్యి వణికినవాడు గీసినట్టుంది గీత. అయినా సాగింది. నాకు అది కావాలి. ఆ తలుపు ఒక్కటే తెరిచి ఉంది, దానికి కూడా నాకు నా వేలే అడ్డమంటే ఎలా?"

"అది ఎలుక నరం."

"తెలుసు. నాకు ఎలుకంత అదృష్టం చాలు."

నేను వెళ్ళి ఎవరికీ చెప్పనన్నాను. నన్ను అడిగితే మాత్రం అబద్ధం ఆడనన్నాను. "అయితే నువ్వు రావద్దు," అన్నాడతడు. అది న్యాయంగానే ఉంది.

కాని నేనే వెళ్ళవలసి వచ్చింది. లోపలికి ఒక్కరినే రానిస్తారు. మేనకోడలు అదే మందు మీద పనిచేస్తుంది కనుక ఆ అంతస్తుకే రాకూడదు. చెల్లెమ్మ తన వంతు నాకు ఇచ్చేసింది. "మీరైతే లోపల ఏడవరు," అంది. వ్యానులో దారి పొడుగునా బావమరిది నాతో మాట్లాడలేదు. దారిలో కనబడిన బోర్డులన్నిటినీ మాత్రం తిట్టాడు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. చేతులు తుడుచుకుంటూ వచ్చి తన పేరు చెప్పి, తాను ఏం చేయబోతోందో ఒక్కొక్కటీ ముందే చెప్పింది. పక్కన ఒక నర్సు కంప్యూటరు ముందు కూర్చుంది. బావమరిదిని కళ్ళు మూసుకోమని, మెడ దగ్గర మొదలుపెట్టి దూదితో ఒకసారి, గుండుసూదితో ఒకసారి తాకుతూ, ఏది తాకిందో చెప్పమంది. ఛాతీ మధ్యకు వచ్చేదాకా అతడు టకటకా చెప్పాడు. తర్వాత ఆమె చేయి కిందికి పోతూనే ఉంది, అతడు ఏమీ చెప్పడం లేదు. పరీక్షలో ఒక భాగాన్ని నేను వర్ణించను. వెన్నుపాము చివరి కొన ఎక్కడ పలుకుతుందో వైద్యశాస్త్రానికి తెలుసు, అది మర్యాదలు చూడదు. ఆ కాసేపూ గోడ మీద వేలాడుతున్న అస్థిపంజరం బొమ్మను చదివాను.

"ఇంట్లో ఎప్పుడైనా కాళ్ళలో కదలిక గమనించారా?" అని అడిగింది. నన్నే అనుకున్నాను. కాని ఆమె అడిగింది అతన్ని.

"ఇంట్లోవాళ్ళు ఏవేవో చూస్తుంటారమ్మా."

ఆమె చిరునవ్వు నవ్వింది. ఆ జవాబు ఆమె చాలా ఇళ్ళ నుంచి విని ఉంటుంది. నా వైపు తిరగలేదు. నేను అస్థిపంజరం మోకాలి చిప్ప పేరు మూడోసారి చదివాను.

తుంటి, మోకాలు, చీలమండ. ఒక్కొక్కదాని మీదా చేయి వేసి కదిలించమంది. అవి కదలలేదు, వాటి విషయంలో అతడు నిజాయితీగానే ఉన్నాడని నా నమ్మకం. చివరికి బొటనవేళ్ళ దగ్గరికి వచ్చి, ముందు కుడిది పట్టుకుంది. "దీన్ని పైకి లేపడానికి ప్రయత్నించండి."

అతడు పైకప్పు చూస్తున్నాడు. వేలు అలాగే ఉంది. ఆమె తొందరపడలేదు. మంచి చూపరి; నాకన్నా ఎక్కువసేపు ఆగింది.

"ఇంకోసారి."

వేలు అలాగే ఉంది.

"కుడి బొటనవేలు, సున్నా," అంది నర్సుతో. తర్వాత అతని పాదం మీద తట్టి, నొచ్చుకుంటాడని కాబోలు, ఎంతో దయగా అంది: "బాధపడకండి. ఇందులో మీ లోపం ఏమీ లేదు. ఇది మీ వల్ల అయ్యే పని కాదు, అంతే."

బావమరిది పైకప్పు నుంచి కళ్ళు దించాడు.

నాకు అతడు ముప్పై ఏళ్ళుగా తెలుసు. నీ వల్ల కాదన్నవాళ్ళ దుకాణాల మీద అతడు ఉచితంగా బోర్డులు రాసి వచ్చాడు. ఆ డాక్టరమ్మకు ఈ సంగతి తెలిసే వీలు లేదు.

"ఆగండమ్మా," అన్నాడు. "టైపు చెయ్యొద్దని చెప్పండి."

నర్సు చేతులు ఆపింది. అతని మెడ నరాలు ఉబ్బాయి. డాక్టరమ్మ నా వైపు చూసింది. ఇలాంటప్పుడు బంధువులు కలగజేసుకుని ఓదారుస్తారు కాబోలు. నేను వేలిని చూస్తున్నాను.

అది లేచింది. ఇంట్లో లేచినదానికన్నా ఎక్కువే లేచింది. కాస్త వణికి, నిలిచి, పడింది.

డాక్టరమ్మ వంగింది. "మళ్ళీ చేయండి." చేశాడు. ఆమె కాలి కింద చేయి పెట్టి, వేరే చోట గిచ్చి, అది దానంతటది కొట్టుకోవడం కాదని తేల్చుకుంది. తలుపు తీసి ఇంకో డాక్టరును పిలిచింది. ఆయన ఎదుట మళ్ళీ చేయమంది. ఆయన ఇంకొకరిని పిలిచాడు. కొందరు కుర్ర డాక్టర్లు వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారు. బావమరిది ప్రతి ఒక్కరికీ చేసి చూపించాడు. చెమట కారుతోంది. ఒక కుర్రాడు వెనక నిలబడి ఉంటే, "నీకు కనబడిందా బాబూ? ముందుకి రా," అన్నాడు.

అందరూ వెళ్ళాక డాక్టరమ్మ ఎడమ వేలిని కూడా ఒకసారి లేపమని చూసి, స్టూలు లాక్కుని అతని తల దగ్గర కూర్చుంది.

"ఇది చాలా మంచి విషయం," అంది. "కాని మిమ్మల్ని ఈ బృందంలోకి తీసుకోలేను."

"తెలుసమ్మా."

"తెలుసా? నియమం మీకు ముందే తెలుసా?"

"మా అమ్మాయి చెప్పింది."

ఆమె నా వైపు చూసింది, మళ్ళీ అతని వైపు చూసింది. మొదటి రెండుసార్లు వేలు ఎందుకు లేవలేదో ఆమెకు అప్పుడు అర్థమై ఉంటుంది. అడగలేదు. "మరి ఎందుకు చూపించారు?"

నేను కూడా ఆ జవాబు కోసం ఎదురుచూశాను. నీతి గురించో, రాబోయే రోగుల గురించో నేను ఆదివారం చెప్పినవి పనిచేశాయేమోనని నాకు కొంత ఆశ ఉండింది.

"మీరు సున్నా వేయించారు," అన్నాడు.

ఆమె ఈ విషయంలో ఏ హామీ ఇవ్వలేదు. రోజూ సాధన చేయించే విభాగం కింది అంతస్తులో ఉందనీ, వేలు కదిలినంత మాత్రాన కాలు లేవాలని లేదనీ, లేవకూడదనీ లేదనీ చెప్పింది. మందు గురించి అతడు అడిగాడు. ఈ బృందంలో అది పనిచేస్తుందని తేలితే, కాస్త కదిలేవాళ్ళ మీద తర్వాత చూస్తారు. ఎప్పుడన్నది ఆమెకు తెలియదు. పనిచేయదని తేలినా ఆశ్చర్యపోవద్దంది. నాకు ఆమె మీద గౌరవం పెరిగింది, అతనికి పెరగలేదు.

బయట చెల్లెమ్మ గోడకు చేరగిలి నిలబడి ఉంది. కుర్ర డాక్టర్లు గుంపుగా లోపలికి పోవడం చూసి ప్రాణం మీదికి వచ్చిందనుకుందట. చక్రాల మంచం బయటికి రాగానే ఎదురొచ్చి నన్ను అడిగింది. ఇలాంటివి నన్నే అడగడం మా ఇంట్లో అలవాటు.

"ఏమన్నారు అన్నయ్యగారూ?"

"తీసుకోరట."

"అంటే కదిలిందా?"

"కదిలింది. అందరూ చూశారు."

ఆమె ముఖం ఒక వైపు వెలిగి, అంతలోనే ఆరింది. ఆ కబురుకు ఏ ముఖం పెట్టాలో నాకూ తెలియక గోడవైపు చూశాను. బావమరిది కళ్ళు మూసుకున్నాడు.

"బుద్ధి లేదా మీకు," అంది అతనితో. "ఎన్ని రాత్రులు ఆ మందు, ఆ మందు అని కలవరించారు. కాసేపు ఊరికే పడుకోలేకపోయారా? ఇన్నాళ్ళూ పడుకునే ఉన్నారుగా."

"పడుకున్నానే. రెండుసార్లు పడుకున్నా."

"మూడోసారికి ఏమొచ్చింది?"

అతడు కళ్ళు మూసుకునే, దవడ బిగించి, చాలా అలసిపోయిన మనిషిలా ఉన్నాడు. ఆమె కొంగుతో అతని మెడ మీది చెమట తుడిచింది. మంచం చివరికి వెళ్ళి, పక్కకు తొలగిన దుప్పటి ఎత్తి, అతని కుడి పాదాన్ని కాక ఎడమ పాదాన్ని చేతిలోకి తీసుకుంది. దాని గురించి ఇంతవరకు ఎవరూ ఏ వార్తా చెప్పలేదు.

"దీన్ని అడిగారా?" అంది నాతో.

"అడిగారు. కదల్లేదు."

"ఎంతసేపు చూశారు?"

నిజం చెప్పాలంటే, కుడి వేలి గొడవలో పడి ఎడమ వేలి దగ్గర ఎవరూ ఎక్కువసేపు ఆగలేదు. ఆ మాటే చెప్పాను. ఆమె తల ఊపి, నడవలో పోయేవాళ్ళకు అడ్డమని తెలిసీ చక్రాల మంచానికి బ్రేకు వేసింది.

"ఏమండీ, దీన్ని లేపండి," అంది. ఈసారి కళ్ళు తెరిచే ఉంచింది.